కోతల నాటికి తేనెటీగలకు కోపమెందుకు?

పొద్దుతిరుగుడు చేలలో తేనెటీగల పెట్టెలను పెట్టించుకొన్న రైతులు ఏటేటా ఒకే ఫిర్యాదుతో మా కార్యాలయమునకు వచ్చుచుందురు. పూత మీద నున్నన్నాళ్ళు ఆ ఈగలు ఎవరి జోలికి రాలేదనియు, కూలీలు పెట్టెల ప్రక్కనే కూర్చుండి చద్ది తిన్నను ఒక్క ఈగ కుట్టలేదనియు, తీరా పువ్వులు తలలు వాల్చి కోతకు వచ్చునప్పటికి అవే ఈగలు బాటన పోవు వారిని సైతము తరిమి కుట్టుచున్నవనియు వారి మొర. “ఈగలు చెడినవి, పెట్టెలు ఎత్తించండి” అందురు. పెట్టెల యజమాని నడిగినచో ఎండ యనును, జాతి యనును, రాణి ముసలిదైన దనును.

నా అభిప్రాయము వేరు. ఈగలు చెడలేదు, జాతి మారలేదు. తేనె కాలము ముగియునపుడు ఈగకు కోపము వచ్చుట దాని ధర్మము. ఆ కోపమును రెండింతలు మూడింతలు చేయునది మాత్రము మనము తీయు ఆఖరి తేనె. ఈ సంగతి పెట్టెల వారును, చేల వారును గూడ తెలిసికొనకున్నచో నష్టపోవునది ఇద్దరును.

మొదట రోజుల లెక్క చూడండి. ఇటాలియను ఈగలలో రాణి గ్రుడ్డు పెట్టిన నాటి నుండి 21 రోజులకు కూలి ఈగ గది మూతను కొరికి వెలుపలికి వచ్చును. మన పుట్ట తేనెటీగకు కొంచెము తక్కువ రోజులు పట్టును. ఆ తరువాత సుమారు మూడు వారములు ఆ ఈగ ఇంటి పనులలో నుండును. గదులు శుభ్రము చేయుట, పిల్లలకు మేత పెట్టుట, మైనముతో అట్టలు కట్టుట, బయటి నుండి వచ్చిన మకరందమును అందుకొని ఆరబెట్టుట దాని పనులు. ఇంటి పనులు ముగియు దశలో కొన్ని ఈగలు ద్వారము కడ కావలి కాయును. పిదప మేతకు బయలుదేరి మరి రెండు మూడు వారములు బ్రదుకును.

ఇప్పుడు పైరు లెక్క. పొద్దుతిరుగుడు విత్తిన 55, 60 రోజులకు పూతకు వచ్చును. ఒక్కొక్క పువ్వు అంచు నుండి నడిమికి వరుస వెంట వరుసగా విచ్చుచు వారము పది రోజులుండును. చేను మొత్తము మీద పూత రెండు మూడు వారములు నిలుచును. పూత మొదలైనంతనే మకరందము, పుప్పొడి పెట్టెలోనికి వచ్చి పడును గనుక రాణి విరివిగా గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు ఈగలై వెలువడునది ఎప్పుడు? మూడు వారములకు, అనగా పూత ముగియు నాటికి. అవి కావలికిని మేతకును సిద్ధమగునది ఎప్పుడు? మరి రెండు మూడు వారములకు, అనగా మీరు కొడవళ్ళు పట్టుకొని చేనిలోనికి దిగు నాటికి. సమృద్ధి చూచి పెంచిన సైన్యము కరవులో కొలువునకు వచ్చినదన్న మాట.

ఆ సైన్యములోని ఈగల వయస్సును గూడ గమనించవలెను. అప్పుడే పుట్టిన ఈగలో విషము స్వల్పము, అది కుట్టలేదు. రెండు వారముల వయస్సు వచ్చునప్పటికి విషపు తిత్తి నిండును. కావలి కాయు ఈగలు, మేతకు పోవు ఈగలు ముదురు ఈగలు. తేనె కాలములో పగలు పదకొండు గంటలకు మీరు పెట్టె తెరచినచో ఈ ముదురు ఈగలలో పెక్కు చేల మీద నుండును. పెట్టెలో మీకు కనబడునవి పిల్లల నంటిపెట్టుకొని యున్న లేత ఈగలు. అందుచేతనే అప్పుడు ముసుగు లేకుండ పని చేసి, మా ఈగలు పిల్లుల వంటివని చెప్పుకొనుట సులభము. పూత ముగిసిన తరువాత అదే పెట్టెను అదే వేళకు తెరచి చూడండి. బయట పని లేదు గనుక ముదురు ఈగలన్నియు ఇంటనే యున్నవి. ఈగల స్వభావము మారలేదు. పగటి పూట ఇంటనుండు ఈగలు మారినవి.

పని లేకుండుట ఒక్కటే కారణము కాదు. ఆ సమయమునకు ఇంటిలో కాపాడుకొనదగిన సొమ్ము నిండుగా నున్నది. కళ్ళములో ధాన్యపు రాశి యున్న రాత్రి రైతు కంటి మీదికి కునుకు రాదు. కుక్క మొరిగిన లేచి కూర్చుండును. తెలిసినవాడే నడచి పోవుచున్నను “ఎవరది” అని కేక వేయును. అదే రైతు దుక్కుల నాడు తన చేని గుండ ఎవరు నడచినను పలుకడు. ఈగల పెట్టెకును ఇదే న్యాయము. చైత్ర వైశాఖములలో వేప, కానుగ పూతలు గూడ ముగిసిన పిమ్మట మన మైదాన ప్రాంతములలో పెక్కు చోట్ల చెప్పుకోదగిన మేత ఉండదు. వానలు పడి కొత్త పూత వచ్చు వరకు ఆ కుటుంబము బ్రదుకవలసినది ఆ రాశి మీదనే. వేలకొలది ప్రాణములకు అదియే గ్రాసము.

ఆ రాశికి దొంగలు లేకపోలేదు. కందిరీగలు, చీమలు, మైనపు పురుగు, పసిరిక పిట్టలు ఉండనే యున్నవి గాని, అన్నింటి కంటె పెద్ద దొంగ ప్రక్క పెట్టెలోని ఈగ. చేలలో మకరందము దొరకనపుడు బలమైన పెట్టెలోని మేత ఈగలు బలహీనమైన పెట్టెల మీద పడి తేనెను దోచుకొనును. మేత సమృద్ధిగా నున్నపుడు కావలి ఈగలు దారి తప్పి వచ్చిన పరాయి ఈగలను అంతగా పట్టించుకొనవు. చాల వాటిని లోనికి రానిచ్చును. కరవు వచ్చిన కొలది కావలి బలగము పెరిగి, తనిఖీ కఠినమగును. ఇంగ్లండులో పరీక్షలు జరిపి 2000 సంవత్సరములో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని స్పష్టముగ చూపినది. కావలి కఠినమైనపుడు ద్వారము ముందు నుండి నడచి పోవు మనిషియు, తోక విసరుకొను పశువును గూడ దొంగల లెక్కలోనికే వచ్చుదురు.

దోపిడిని గుర్తించుట కష్టము కాదు. ద్వారము కడ ఈగలు జంటలు జంటలుగ పెనుగులాడుచు క్రింద పడును. దొంగ ఈగలు నేరుగా వచ్చి వాలక, పెట్టె ముందు అటునిటు ఊగుచు సందుల కొరకు వెదకును. వాటిలో ముసలి వాటికి వెండ్రుకలు ఊడి ఒడలు నల్లగ నిగనిగలాడుచుండును. అడుగు పలక మీద కొరికి పడవేసిన మైనపు పొట్టు కనబడును. లేత ఈగలు మధ్యాహ్నము పూట ఇల్లు గుర్తు పట్టుటకై పెట్టె ముందు ఎగురుటను చూచి దోపిడి యని భ్రమపడకుడు. ఆ ఎగురుట కొద్దిసేపటికి తగ్గిపోవును. దోపిడి మాత్రము చీకటి పడు వరకు ఆగదు.

ఆఖరి తేనె మాట

ఇచ్చటనే పెట్టెల వారితో నాకు పేచీ. పైన చెప్పిన కారణములన్నియు ప్రకృతి కల్పించినవి. వాటికి తోడు మనము చేయునదేమి? పువ్వు వాడిన తరువాత, మేత పూర్తిగా ఆగిపోయిన వారము పది రోజులకు, ముదురు ఈగలన్నియు ఇంటనున్న వేళ, పెట్టె తరువాత పెట్టెను తెరచి, అట్టల మీది ఈగలను దులిపి, చెట్టు క్రింద యంత్రము పెట్టి తేనె తీయుదుము. తేనె చుక్కలు నేల మీద పడును. తడి అట్టలను ప్రక్కన ఆనించి పెట్టుదుము. గాలికి తేనె వాసన నాలుగు దిక్కుల పోవును. ఒక్క గంటలో దోపిడి మొదలగును. ఏ పెట్టెను ఏ పెట్టె దోచుచున్నదో తెలియని కలత పుట్టును. ఇట్టి దినమున ఈగలు శాంతముగ నుండవలెనని కోరుట కొంత వింతయే.

పైగా ఒక ఈగ కుట్టిన చోట తక్కిన ఈగలు కుట్టుటకు మరియొక కారణమున్నది. ముల్లు దిగినపుడు ఒక ఘాటైన వాసన విడుదలై తక్కిన ఈగలను పిలుచును. 1962లో కెనడా శాస్త్రజ్ఞులు ఈ వాసనలోని ఒక ముఖ్య పదార్థము ఐసోఅమైల్ ఎసిటేటు అని కనుగొనిరి. మాగిన అరటిపండు వాసనలో ఉండునదియు ఇదే. (కనుక అరటి గెలలు మోసికొని పెట్టెల ప్రక్కగ పోవుట అంత మంచిది కాదు.) పొగ పట్టినపుడు ఈగలు ఈ వాసనను సరిగా పసికట్టలేవు. పొగ డబ్బా సాధుత్వము నేర్పదు. పిలుపు వినబడకుండ చేయును, అంతే. పొగ చెదరినంతనే పిలుపు మరల వినబడును.

రెండేండ్ల క్రితము మా మండలములో ఒక గ్రామమున జరిగినది చెప్పెదను. పొరుగు జిల్లా నుండి వచ్చిన పెట్టెల యజమాని పొద్దుతిరుగుడు ముగిసిన తరువాత గూడ పెట్టెలను చేని గట్టుననే ఉంచినాడు. లారీ కిరాయి కలిసివచ్చు వరకు ఆగవలెననియు, ఉన్న తేనె తీసికొని పోవలెననియు అతని యోచన. అతనిని తప్పు పట్టుట సులభము గాని, అతని బేరము గూడ కిలోల మీదనే గదా. ఒకనాటి మధ్యాహ్నము తేనె తీయుచుండగా దోపిడి పుట్టినది. దగ్గరలోని తుమ్మ చెట్టునకు కట్టివేసిన పాడి గేదె మీద ఈగలు మూగినవి. మనుషులు పరుగెత్తినారు, పలుపు త్రాడు తెంపు వారు లేక గేదె కదలలేకపోయినది. మరునాటికి అది చనిపోయినది. ఆ రాత్రి పెట్టెలకు నిప్పు పెట్టబోగా పెద్దలు అడ్డుపడి, నష్టపరిహారము ఇప్పించి, తెల్లవారక ముందే పెట్టెలను ఊరు దాటించినారు. తరువాతి రబీలో ఆ గ్రామస్థులు ఒక్క పెట్టెను రానీయలేదు. పువ్వుల నడుమ తాలు గింజలు ఎక్కువైనవని వారే నాతో చెప్పినారు.

ఒక గేదె, ఒక రైతు నష్టముతో ఇది పోవునది కాదు. పొద్దుతిరుగుడు ప్రధానముగా పరపరాగ సంపర్కము మీద ఆధారపడిన పంట. హైబ్రిడ్ రకములలో కొంత స్వయముగ గింజ కట్టినను, ఈగలు తిరిగిన చేనిలో గింజ నిండుదనము వేరు. ఎకరమునకు రెండు పెట్టెలు పెట్టించుకొనుడని వ్యవసాయ శాఖ చెప్పుచు వచ్చినది ఇందుకే. 2020లో కేంద్ర ప్రభుత్వము జాతీయ తేనెటీగల పెంపకము, తేనె మిషనును ప్రకటించిన తరువాత పెట్టెలు కొనవలెనను ఉత్సాహము యువకులలో పెరిగినది. ఉత్సాహము మంచిదే. కాని తేనె తీయుటను గూర్చి ఎన్నో వ్యాసములు, ఎన్నో శిక్షణలు ఉన్నవి. తీయకుండ వదలవలసిన తేనెను గూర్చి చెప్పువారు తక్కువ.

జాతి దోషమా?

జాతిని బట్టి స్వభావము ఉండదని నేననుట లేదు. 1956లో ఆఫ్రికా ఈగలను బ్రెజిలు దేశమునకు తెచ్చినారు. మరుసటి సంవత్సరము వాటిలో కొన్ని గుంపులు తప్పించుకొని పోయి అచ్చటి ఈగలతో కలసినవి. వాటి సంతతి రెండు అమెరికా ఖండములలోను ఎంత భయము పుట్టించినదో లోకమునకు తెలియును. స్వభావము వంశపారంపర్యముగ వచ్చునని దీనిని బట్టి స్పష్టమే. అయితే మన పెట్టెలలోనివి ఆ ఈగలు కావు. 1962 ప్రాంతమున కాంగ్రా లోయలోని నగ్రోటాలో మన దేశమున స్థిరపడిన ఇటాలియను ఈగలవి. సాధు స్వభావమునకు పేరు పడినవి. దక్షిణ దేశమున 1991, 1992 సంవత్సరములలో థాయి సాక్‌బ్రూడ్ వైరసు తెగులు పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టిన తరువాత ఈ ఇటాలియను ఈగలు మన వైపు విస్తరించినవి. ఆ సాధు ఈగలే కోతల నాటికి కోపగించుచున్నవన్నచో వెదకవలసినది జాతిలో కాదు.

దీనిని తేల్చుకొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. ఇరువది పెట్టెలలో ఒక్క పెట్టె మాత్రమే, మంచి పూత కాలములో గూడ, తెరచిన ప్రతిసారి మీదికి వచ్చుచున్నదా? అట్లైన ముందు ఆ పెట్టెలో రాణి ఉన్నదో లేదో చూడవలెను. రాణి లేని కుటుంబము ఎప్పుడును చిరాకు పడుచుండును. రాణి యుండియు కోపము తగ్గనిచో ఆ రాణిని మార్చవలసినదే. అట్లుగాక ఇరువది పెట్టెలును ఒకే వారములో కోపము తెచ్చుకొన్నచో అది రాణుల దోషము కానేరదు. ఇరువది రాణులు ఒకే వారమున చెడుట ఎక్కడైనను ఉన్నదా? అది కాలము మార్పు. అట్టి వేళ రాణులను చంపి కొత్త రాణులను కొనుట డబ్బు దండుగ.

ఎండ మాట గూడ కొంత నిజమే. నీరు దొరకని చోట ఈగలు పశువుల తొట్ల మీద, కుళాయిల కడ మూగి జనమునకు అడ్డు వచ్చును. దానికి పెట్టెల దగ్గరనే వెడల్పాటి పళ్ళెములో నీరు పోసి, ఈగలు వాలుటకు గులకరాళ్ళు వేసిన చాలును. అంతకు మించి ఎండను తిట్టి లాభము లేదు.

ఇక చేయవలసినది. ఆఖరి తేనెను పూత ముగిసిన తరువాత కాదు, ముగియుటకు ముందు తీయవలెను. చేనిలో మూడవ వంతు పువ్వులు ఇంకను విచ్చుచుండగా, పై గదిలో మైనపు మూతలు పడిన అట్టలను మాత్రమే తీసికొని, మూతలు పడని వాటిని ఈగలకే వదలవలెను. మూత పడని తేనెలో నీరు ఎక్కువ. అది పులియును, బేరమునకు పనికిరాదు. క్రింది పిల్ల గదిలోని తేనెను ఎట్టి పరిస్థితిలోను ముట్టరాదు. ఇటాలియను ఈగల బలమైన పెట్టెలో మూతలు పడిన తేనె అట్టలు కనీసము మూడు నాలుగు మిగిలియుండవలెనని నా సలహా. నిండిన పెద్ద అట్ట ఒక్కొక్కటి రెండు కిలోలకు పైగా తూగును. అది నష్టమని అనిపించవచ్చును.

“చక్కెర చవుక, తేనె ప్రియము, తేనె తీసికొని చక్కెర పానకము పోయుట లాభము గదా” అని పెట్టెల వారందురు. లెక్క పైకి సరిగానే యున్నది. కాని పానకములో పుప్పొడి లేదు, పిల్లలను పెంచు సత్తువ లేదు. అంతకంటె ముఖ్యము, ఖాళీ చేసిన కుటుంబము ఆకలితో నుండును, ఆకలిగొన్న కుటుంబము ప్రక్క పెట్టె మీద పడును. పానకము పోయు వారు పట్టపగలు, ఆరుబయట పళ్ళెములలో పోయుట నేను ఎన్నోసార్లు చూచినాను. దాని వలన దోపిడి తగ్గదు, పెరుగును. పోయక తప్పనిచో చీకటి పడు వేళ, పెట్టె లోపల, ఆ రాత్రికి త్రాగునంత మాత్రమే, అన్ని పెట్టెలకు ఒకేసారి పోయవలెను. ఇంత శ్రమ పడుటకంటె రెండు అట్టల తేనె వదలుట చవుక.

మేత తగ్గినది మొదలు ద్వారమును చెక్క ముక్కతో ఇరుకు చేసి ఒకటి రెండు ఈగలు పట్టునంత సందు ఉంచవలెను. ఇరుకు ద్వారమును కొద్ది కావలి ఈగలే కాపాడుకొనగలవు. అందుచేత అంతటి కోపము అవసరముండదు. పెట్టె చీలికలను మట్టితోనో పేడతోనో మెత్తవలెను. బలహీనమైన కుటుంబములను కరవు రాక ముందే కలిపివేయవలెను. తేనె తీసిన తడి అట్టలను సాయంకాలమునే తిరిగి పెట్టెలలో ఉంచవలెను. యంత్రమును తలుపులు మూసిన గదిలోనో దోమతెర లోపలనో పెట్టవలెను. పూత కాలములో పెట్టె తెరచుటకు ఉదయము పది మొదలు మధ్యాహ్నము వరకు మంచి వేళ. కరవు కాలములో అట్లు కాదు; పొద్దు వాలిన పిదప, అవసరమున్న పెట్టెను మాత్రమే, కొద్ది నిమిషములు తెరచి మూయవలెను. ఊరక చూచుటకై తెరువనే రాదు.

చేల వారు చేయవలసినది గూడ కలదు. పెట్టెలు దించునపుడే చోటు చూపవలసినది మీరు. బండ్ల బాట, మోటారు గది, పశువుల కొట్టము, కూలీలు అన్నము తిను చెట్టు, వీటికి దూరముగ చూపండి. ద్వారములు బాట వైపు తిరిగి యుండరాదు. బాటకును పెట్టెలకును నడుమ జొన్న దంటుతోనో తాటాకుతోనో నిలువెత్తు దడి కట్టించినచో ఈగలు పైకి లేచి ఎగిరిపోవును. మనుషుల తలలకు తగులవు. కోత రోజులలో పెట్టెలు ఇంకను అక్కడనే యున్నచో ఆ మూల చేనిని ఉదయము చల్లని వేళ ముందుగా కోసివేయండి. పశువును మాత్రము పెట్టెలకు చేరువలో ఎన్నడును కట్టివేయకుడు. మనిషి పరుగెత్తగలడు, కట్టిన పశువు పరుగెత్తలేదు.

ఈగ కుట్టినపుడు చేతులు విసరుచు అక్కడనే నిలువరాదు. ముఖము కప్పుకొని నడచియో పరుగెత్తియో ఇంటిలోనికో గదిలోనికో పోవలెను. ముల్లును గీకి తీయవలెనా గిల్లి తీయవలెనా అని పూర్వము వాదములుండెడివి. 1996లో అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఎట్లు తీసినను ఒకటే, ఎంత త్వరగ తీసితిమన్నదే ముఖ్యమని తేల్చినారు. ముల్లుతో కూడ విషపు తిత్తి చర్మములో మిగిలి, ఈగ పోయిన తరువాత గూడ విషమును ఎక్కించుచుండును గనుక ఆలస్యము కూడదు. పెదవులు, నాలుక వాచినను, ఊపిరి ఆడకున్నను, కండ్లు తిరిగినను, ఒంటి నిండ దద్దురులు లేచినను పసరులు పూయుచు కూర్చుండక వెంటనే 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. కొందరికి ఒక్క ముల్లే ప్రాణము మీదికి తెచ్చును.

చివరగా ఒప్పందము మాట. మన గ్రామములలో పెట్టెల వారికిని చేల వారికిని జరుగు మాటలలో పెట్టెలు దించు రోజు ఉండును గాని ఎత్తు రోజు ఉండదు. తగవులు ఎక్కువగా ఈ ఖాళీలో పుట్టినవే. వచ్చు రబీకి మీరు మాట్లాడుకొనునపుడు ఎత్తు రోజును గూడ నిర్ణయించుకొనండి. తేదీ వేయుట కష్టమైనచో గుర్తు పెట్టుకొనవచ్చును: చేనిలో ఎక్కువ పువ్వుల పసుపు రేకులు వాడినది మొదలు ఐదు రోజులలో పెట్టెలు కదలవలెను. తరువాతి మేత ఎక్కడనో పెట్టెల వారు అంతకు ముందే చూచుకొని యుండవలెను. మూడు వారములు పెంచిన ఈగలు కొత్త పూతలో పడినచో అవే ఆ చేనిలో మొదటి తేనెను తెచ్చి పెట్టును. లారీ దొరకక ఆలస్యమగుచున్నచో ఆ కిరాయిలో కొంత భరించుటకు చేల వారు వెనుదీయరాదని నా అభిప్రాయము. పెట్టెలను ఎత్తునది చీకటి పడి ఈగలన్నియు లోనికి చేరిన తరువాతనే. ద్వారములకు తీగ వల బిగించి, కూలీలు చేనికి రాక ముందే బండి ఊరు దాటవలెను.